నిరుద్యోగి యెవ్వడు?

మన భాషలో కొన్ని మాటలు తమ మొదటి యర్థమును విడిచి చాల దూరము నడచిపోయినవి. వానిలో ‘ఉద్యోగము’ ఒకటి. సంస్కృతమున ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నము. భారతమున ఐదవ పర్వమునకు ఉద్యోగపర్వమని పేరు. సంధికిని యుద్ధమునకును ఉభయపక్షములవారు చేసిన ప్రయత్నమే యందలి కథ. అట్టి మాట కాలక్రమమున తెలుగునాట నెలజీతపు కొలువునకు పేరయ్యెను. మాట యర్థము మాఱుటలో దోషము లేదు. కాని దానినుండి పుట్టిన ‘నిరుద్యోగి’ యను మాటను చూడుడు. తెల్లవాఱకమునుపే లేచి, కూలివా రందఱును చేరు కూడలికి నడచి, ప్రొద్దెక్కువఱకు నిలుచుండి, ఎవ్వరును పిలువనందున వట్టిచేతులతో నింటికి మఱలినవానిని మనము నిరుద్యోగి యనుచున్నాము. మాట పుట్టుకనుబట్టి చూచినచో ఆ పేరునకు ‘ప్రయత్నము లేనివాడు’ అని యర్థము. ప్రయత్నమే తన దినకృత్యమైనవానికి ప్రయత్నహీనుడని పేరు పెట్టినాము. ఈ పేరులో నొక నిందయు దాగియున్నది. ఆ నింద న్యాయమా, యన్యాయమా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఏటేట మన దేశమున ప్రభుత్వమువారు నిరుద్యోగుల లెక్కను ప్రకటించుచున్నారు. పదునైదేండ్లు నిండినవారిలో పని చేయుచున్నవారిని, పని కోరుచు దొరకనివారిని కలిపి శ్రామికబల మందురు. ఆ శ్రామికబలమున పని దొరకనివారు నూటికి ఎంద ఱున్నారో చెప్పునదే నిరుద్యోగపు రేటు. ఏడాది మొత్తమును చూచి కట్టిన లెక్కప్రకారము 2017-18 లో నది నూటికి 6.0 గా నుండెను. 2019-20 లో 4.8, 2021-22 లో 4.1, 2022-23 లో 3.2, 2023-24 లో మఱల 3.2. అనగా ఆఱేండ్లలో నించుమించు సగమునకు దిగినది. ఈ యంకెలను చూచి కొందఱు దేశమునకు మంచిదినములు వచ్చినవని సంతోషించిరి. మఱికొందఱు లెక్కయే బూటకమని కొట్టివేసిరి. రెండు మాటలును తొందరపాటుగనే కన్పట్టుచున్నవి. అంకె బూటకము కాదు. కాని యది యే ప్రశ్నకు సమాధానమో తెలిసికొనక, దానిని వేఱొక ప్రశ్నకు సమాధానముగా గ్రహించుట మన తప్పు. ‘పనిలేనివా రెందఱు?’ అనునది గణితప్రశ్న. ‘పనిలేనివా డెవ్వడు? వానికి మనమేమి ఋణపడియున్నాము?’ అనునవి ధర్మప్రశ్నలు. ధర్మప్రశ్నను తేల్చుకొననిదే గణితప్రశ్నకు వచ్చిన సమాధానమునకు విలువ కట్టలేము.

ముందుగా లెక్కించు విధము నెఱుగవలెను. మన దేశమున నిరుద్యోగము నెట్లు లెక్కింపవలెనో చెప్పుటకు దంత్‌వాలా పండితుని యధ్యక్షతను నొక నిపుణసంఘ మేర్పడి 1970 లో నివేదిక నిచ్చెను. వ్యవసాయమును చిన్న చిన్న కులవృత్తులును ప్రధానముగాగల యీ దేశమున నిరుద్యోగమును ఒక్క యంకెలో నిమిడించి చెప్పుట సరికాదని ఆ సంఘమువారి యభిప్రాయము. దాని ననుసరించి 1972-73 మొదలుకొని జాతీయ నమూనా సర్వేవారు కొన్నేండ్ల కొకమాఱు విపులముగా లెక్కలు తీయుచు వచ్చిరి. 2017 నుండి యీ లెక్క ఏటేటను, 2025 జనవరినుండి నెలనెలకును జరుగుచున్నది.

ఈ లెక్కలో రెండు ముఖ్యమైన కొలతలు కలవు. ఒకటి యేడాదిని చూచునది. సంవత్సరములో నెక్కువకాలము పని దొరకక తిరిగినవాడైనను, ముప్పది దినములకు తక్కువ కాకుండ ఏదైన పని చేసియున్నచో, ఈ కొలతలో పని గలవారి పట్టికలో చేరును. పైని చెప్పిన 3.2 ఈ కొలతచే వచ్చినదే. రెండవది వారమును చూచునది. గడచిన యేడు దినములలో నేదో యొక దినమున ఒక్క గంట పని చేసినను వాడు ఆ వారమునకు పని గలవాడే. ఇది మనవారు మాత్రమే కల్పించుకొన్న నియమము కాదు. ఒక గంట నియమమును 1982 లో నన్ని దేశముల గణకులును కూడిన సభ యంగీకరించినది. దానికి కారణమును కలదు. దేశములో పండిన పంట, నేసిన బట్ట, అమ్మిన సరుకు మొదలగు సమస్తమును ఎవరెవరి శ్రమవలన గలిగినదో విడువక లెక్కింపవలెనన్నచో, గంట శ్రమనైనను విడువరాదు. శ్రమను లెక్కించుటకు నియమము మంచిదే. శ్రమించువాని బ్రదుకును లెక్కించుటకు మాత్రమది చాలదు.

ఒక వీథిలో మూడిండ్ల నూహింపుడు. మొదటి యింట కొంత మాగాణి గల రైతున్నాడు. ఆయన కుమారుడు పట్టము పుచ్చుకొని మూడేండ్లయినది. దరఖాస్తులు పెట్టుచు, పరీక్షలు వ్రాయుచు, తగిన కొలువు వచ్చువఱకు తండ్రియింట భుజించుచున్నాడు. రెండవ యింట భర్తను కోల్పోయిన స్త్రీయున్నది. ఇద్దఱు బిడ్డలు. కర్మకాండ ముగిసిన మఱునాడే ఆమె గంప నెత్తి నెత్తుకొని కూరలమ్మ బయలుదేఱినది. ఒకనాడు బియ్యమునకు చాలును, ఒకనాడు చాలదు. మూడవ యింటి యిల్లాలు కోడికూతతో లేచి, నీరు మోసి, కట్టెలేఱి, ఇంటికి కావలసిన పిడకలు చఱచి, వండి వడ్డించి, మంచముపట్టిన అత్తగారికి సేవచేసి, అందఱును నిద్రించినపిమ్మట నిద్రించుచున్నది. లెక్కలవాడు వచ్చినప్పు డీ మువ్వురిలో నిరుద్యోగి యెవ్వడు? రైతుకుమారు డొక్కడే. కూరలమ్ము స్త్రీ పని గలది. ఆమె స్వయంవృత్తిని నడుపుకొనుచున్నదని పట్టికలో చేరును. మూడవ యామె పని గలదియు కాదు, లేనిదియు కాదు. ఆమె శ్రామికబలములోనే లేదు.

ఈ చిత్రమును కొంచెము నిదానించి చూచినచో నొక సత్యము గోచరించును. నిరుద్యోగిగా నుండుటకు స్తోమత కావలెను. ‘నాకు తగిన పని దొరకువఱకు వేచియుందును’ అని చెప్పుటకు, ఆ వేచియుండు దినములలో నెవ్వరో యన్నము పెట్టవలెను. తండ్రి పెట్టవలెను, అన్న పెట్టవలెను, లేదా ప్రభుత్వము పెట్టవలెను. ముగ్గురిలో నెవ్వరును లేనివాడు నిరుద్యోగిగా నుండలేడు. వాడు దొరికినదానిని, దొరికిన కూలికి చేయవలసినదే. పేదదేశములలో నిరుద్యోగపు రేటు తక్కువగా నుండుటకు కారణము పని పుష్కలముగా నుండుట కాదు. వేచియుండగలవారు కొలదిమందియే యగుట.

ఇది నా యూహ మాత్రమే కాదు. అంతర్జాతీయ కార్మికసంస్థయు, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థయు కలిసి 2024 లో ప్రకటించిన నివేదికనుబట్టి, 2022 లో మన దేశపు యువజనులలో పట్టభద్రులకు నిరుద్యోగపు రేటు నూటికి 29.1. చదువను వ్రాయను రాని యువజనులకు 3.4. అక్షరము రానివానికి పని సులభముగా దొరకునని, చదువుకొన్నవానికి దొరకదని దీని కర్థము చెప్పవచ్చునా? రాష్ట్రములను పోల్చి చూడుడు. 2023-24 లో కేరళమున నీ రేటు 7.2, మధ్యప్రదేశమున 1.0. మన తెలుగు రాష్ట్రములు రెండును వీని నడుమ నున్నవి. చదువులోను, ఆరోగ్యములోను, ఆదాయములోను కేరళము మధ్యప్రదేశమునకు వెనుకబడినదని యెవ్వరును చెప్పరు. కేరళపు బిడ్డ వేచియుండగలుగుచున్నాడు. మధ్యప్రదేశపు బిడ్డ వేచియుండలేకున్నాడు. అంకెకు వెనుకనున్న కథ ముఖ్యముగా నిదియే.

2020 లో దేశము ననుభవించిన యాపద యీ విషయమును మఱింత స్పష్టముగా చూపినది. ఆ యేడు మార్చి 25 వ తేదీనుండి మహమ్మారి భయమున దేశమంతయు తలుపులు మూసికొన్నది. పట్టణములలో కార్ఖానాలు, అంగళ్లు, కట్టడపు పనులు నిలిచిపోయినవి. లక్షలకొలది జనులు మూటలు నెత్తినిడి, బిడ్డల చంకనెత్తి, నూర్లకొలది మైళ్లు నడచి స్వగ్రామములకు చేరిరి. ఏప్రిల్ మొదలు జూన్ వఱకు గల మూడు మాసములలో పట్టణములందు వారపు కొలతచే తీసిన నిరుద్యోగము నూటికి 20 దాటెను. ఇంతవఱకు మన మెఱిగినదే. కాని యేడాది కొలతచే తీసిన లెక్క యేమనుచున్నది? 2018-19 లో 5.8 గా నున్న రేటు, ఆ మూడు మాసములుకూడ చేరియున్న 2019-20 లో 4.8 కి తగ్గినది. మఱునాటి 2020-21 లో 4.2 కి దిగినది. దేశము కనివిని యెఱుగని సంకటమున నుండగా నిరుద్యోగము తగ్గెనట!

ఇందులో గారడి యేమియు లేదు. వ్యవసాయమున నున్నవారి పాలును చూచినచో చిక్కు విడిపోవును. దశాబ్దములుగా తగ్గుచు వచ్చిన యా పాలు 2018-19 లో నూటికి 42.5 గా నుండి, 2020-21 నాటికి 46.5 కి పెరిగినది. అప్పటికిని ఆపద తీఱలేదందుమేని, 2023-24 లో సైతము 46 కు దిగలేదు. పట్టణమున పని పోయిన కుమారుడు తండ్రి పొలమునకు వచ్చెను. తండ్రితోపాటు గట్టుమీద నిలుచుండెను, కలుపు తీసెను, నీరు పెట్టెను. లెక్కలో వాడు పని గలవాడు. పొలము పెరుగలేదు, పంట పెరుగలేదు. ఇద్దఱు చేయు పనిని ముగ్గురు పంచుకొనిరి, ఇద్దఱు తిను కూటిని ముగ్గురు పంచుకొనిరి. పనిలేమి మాయము కాలేదు. పని యను తెరచాటున కూర్చున్నది. 1936 లో ఇంగ్లాండు దేశపు ఆర్థికశాస్త్రజ్ఞురాలు జోన్ రాబిన్సన్ దీనికి ప్రచ్ఛన్ననిరుద్యోగ మను పేరు పెట్టినది. కార్ఖానాలో పని పోయినవాడు లండను వీథిలో అగ్గిపెట్టె లమ్ముకొన్నచో వానికి పని దొరికినట్లు కాదని ఆమె వాదము. నగరవీథిలో అగ్గిపెట్టె లమ్మినవాడును, మన యూరి గట్టుమీద నిలిచినవాడును అన్నదమ్ములు.

తరువాతి యేండ్లలో రేటు తగ్గుటలోనుగూడ నిదే ఛాయ కానవచ్చుచున్నది. 2017-18 లో పని చేయువారిలో నూటికి 52.2 మంది స్వయంవృత్తులవారు. 2023-24 లో 58.4. నెలజీతము గలవారు 22.8 నుండి 21.7 కి తగ్గిరి. స్వయంవృత్తులవారిలోనే, ఇంటివారి పొలములోనో దుకాణములోనో జీతము బత్తెము లేక తోడ్పడువారు కలరు. వారు 2017-18 లో నూటికి సుమారు 14. 2023-24 లో సుమారు 19. పని గలవారి సంఖ్య పెరిగిన మాట నిజము. ఆ పెరిగినవారిలో చాలమంది చేతికి కాసు రాని పనివారను మాటయు నిజము. మొదటిది చెప్పి రెండవదానిని విడుచుట సత్యములో సగమే చెప్పుట.

ఇచ్చట స్త్రీల విషయమును వేఱుగా విచారింపవలెను. పదునైదేండ్లు నిండిన స్త్రీలలో శ్రామికబలమున చేరినవారు 2017-18 లో నూటికి 23.3 మందియే. 2023-24 లో 41.7 మంది. ఇంత తక్కువ కాలములో నింత పెరుగుదల సామాన్యము కాదు. ఇది స్త్రీలకు గలిగిన స్వాతంత్ర్యమా, సంసారములకు గలిగిన యిబ్బందియా యని పండితులు వాదించుచున్నారు. రెండును గలవనియే నా యభిప్రాయము. ఇంటికి కొళాయి నీరు, వంటకు గ్యాసు వచ్చినచో మిగిలిన గంటలో నొక స్త్రీ స్వయముగా రెండు రూకలు సంపాదింపగోరుట సంతోషింపదగినదే. భర్తకూలి చాలక, ఇష్టము లేకున్నను కలుపుతీతకు పోవలసివచ్చుట వేఱు సంగతి. పట్టికలో నీ యిద్దఱును ఒక్కటే.

మఱియొక చిక్కు గలదు. ఇంటికొఱకు పాలు పిదికిన యిల్లాలిని, అవే పాలను అమ్మిన యిల్లాలిని మన మేలాగున వేఱుచేయుచున్నాము? వంటయింటిలో పగలంతయు నిలిచిన స్త్రీని ‘పనిలేక యింటనున్నది’ అనుటకు మన నోరెట్లు వచ్చుచున్నది? ఇంగ్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు పిగూ యిదివఱకే యీ వింతను చూపినాడు. ఒక గృహస్థు జీతమిచ్చి పెట్టుకొన్న యింటిమనిషిని వివాహమాడినచో, ఆమె చేయు పని యంతయు మునుపటివలెనే యుండగా, జాతీయాదాయము మాత్రము తగ్గునట. 2024 లో మన ప్రభుత్వము ప్రజలు కాలమును గడపు విధమును గూర్చి లెక్క తీసినది. అందులో ఇంటిపని చేయు స్త్రీలు దానికి దినమునకు సగటున 289 నిమిషములును, ఇంటిపని చేయు పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నారని తేలినది. అనగా స్త్రీకి దాదాపైదు గంటలు. ఈ యైదు గంటలు పనిలో చేరవు. మన సంస్కర్తలు స్త్రీకి చదువు కావలెనని, ఆస్తిహక్కు కావలెనని పోరాడిరి. ఆమె శ్రమను శ్రమగా నంగీకరింపవలె నను పోరాటము ఇంకను మిగిలియున్నది. దానికి చట్టమక్కఱలేదు. ‘మా యింటామె యేమియు చేయదండీ’ యని పొరుగువారితో చెప్పు భర్త తన మాటను దిద్దుకొన్నచో సగము పోరాటము ముగియును.

ఇక నిందను విచారింతము. ‘చేయదలచినవానికి పని యెన్నడును కొఱతలేదు, పనిలేదనువాడు సోమరి’ అని మన పెద్దలలో చాలమంది దృఢముగా నమ్ముదురు. సోమరులు లేరని నేననను. కాని సోమరితనము దేశమున నాలుగేండ్లలో పుట్టి పదేండ్లలో నశించునది కాదు గదా! అమెరికాలో 1929 లో శ్రామికులలో నూటికి సుమారు మువ్వురికి పనిలేదు. 1933 లో సుమారు ఇరువదియైదుగురికి లేదు. 1944 లో, యుద్ధకాలమున, సుమారు ఒక్కరికే లేదు. అమెరికావారు నాలుగేండ్లలో హఠాత్తుగా సోమరులై, తరువాత హఠాత్తుగా కష్టజీవులైరని చెప్పుట హాస్యాస్పదము. వారి గుణములు మాఱలేదు. పని యిచ్చువారి స్థితి మాఱినది. వ్యక్తి దోషమువలన కలుగని దానికి వ్యక్తిని నిందించుట పాపము.

నిజమునకు సోమరితనమునుండి నిరుద్యోగము పుట్టుటకంటె, నిరుద్యోగమునుండి నిరుత్సాహము పుట్టుటయే తఱచు. ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమునకు చేరువను మారియెంథాల్ అను గ్రామము కలదు. ఊరంతయు నొక్క నేతమిల్లునే నమ్ముకొని బ్రదుకుచుండెను. ఆ మిల్లు మూతపడినది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు తమ తోడివారితో ఆ యూరికి పోయి, పనిలేనివారి దినచర్యను పరిశీలించి 1933 లో గ్రంథము ప్రకటించిరి. పనిలేనివారికి తీఱిక యెక్కువ గనుక వారు గ్రంథాలయమున నెక్కువ పుస్తకములు చదువుదురని మనమూహింతుము. అట్లు జరుగలేదు. పుస్తకములు తీసికొనిపోవుట చాలవఱకు తగ్గిపోయినది. వీథిలో నడచు పురుషుల నడక మందగించినది. వారు మాటిమాటికి నిలిచిపోవుచుండిరి. ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు ఏమి చేసితివని యడిగినచో చెప్పలేకపోయిరి. తీఱికయు, పనిలేమియు నొకటి కావు. పని యున్నవానికే తీఱిక యుండును. కావున పని యనునది కూటికొఱకు మాత్రమే కాదు. దినమునకు ఆకారమిచ్చునదియు, నలుగురిలో తలయెత్తుకొని తిరుగునట్లు చేయునదియు పనియే.

అట్లైన ఏ పనియైనను సరే, పని కల్పించిన చాలునా? ఇచ్చట మన పూర్వులు పడిన పాట్లు మనకు హెచ్చరిక. 1876-78 నాటి ధాతకఱవులో మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణముగా బాధపడినవి. దొరతనమువారు కఱవుపనులు పెట్టించిరి. అన్నము కావలెనన్నవారు ఱాళ్లు కొట్టవలెను, మట్టి మోయవలెను. 1877 జనవరిలో కలకత్తానుండి పంపబడిన సర్ రిచ్చర్డ్ టెంపిల్ ఆ కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును, పైఖర్చునకు కొలది నాణెమునకును తగ్గించెను. చెమటోడ్చి పనిచేయు మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని మాసములలోనే మద్రాసు ప్రభుత్వము ఆ కూలిని మార్పవలసివచ్చెను. ఆ శిబిరములలో ఱాళ్లు కొట్టినవారికి నేటి లెక్కప్రకారము పని యున్నట్లే. అట్టి శిబిరములో నిరుద్యోగపు రేటు సున్న. కాని దానిని చూచి యెవ్వడైన ఆనందింపగలడా?

కావున పని యనుటకు రెండు లక్షణములు కావలెనని నాకు తోచుచున్నది. మొదటిది, చేసినవానిని బ్రదికింపగలుగుట. రెండవది, కాదనుటకు చేయువానికి వీలుండుట. ఆఁకలిచే తప్పక చేసినది శ్రమయే గాని, స్వేచ్ఛతో చేసిన పని కాదు. కూరలమ్ము స్త్రీకి ‘ఈ వారము జ్వరముగా నున్నది, పోను’ అని చెప్పుటకు వీలున్నదా? కలుపుతీతకు పోవు నామెకు ‘ఈ కూలికి రాను’ అనుటకు వీలున్నదా? లేనిచో, పట్టికలో వారి పేర్లు పని గలవారి క్రింద వ్రాసికొనవచ్చును గాని, వారి విషయమున మన కర్తవ్యము తీఱినదని యనుకొనరాదు.

ఆ కర్తవ్యమును మన రాజ్యాంగము 41 వ అధికరణమున చెప్పియే యున్నది. తన ఆర్థికశక్తికి లోబడి, పని పొందు హక్కును, పనిలేనప్పుడు సాయము పొందు హక్కును రాజ్యము కలిగింపవలెనని దాని భావము. న్యాయస్థానములో నిలుచునది కాక, ఆదేశముగా మాత్రమే యున్నను, మాట గొప్పది. 2005 లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధిహామీ చట్టము ఆ మాటకు కొంత రూపమిచ్చెను. 2006 ఫిబ్రవరి 2 వ తేదీని అనంతపురము జిల్లాలోని బండ్లపల్లి గ్రామమున ఆ పథకము ప్రారంభమయ్యెను. ధాతకఱవున మాడిన సీమలోనే, దాదాపు నూటముప్పదియేండ్ల పిమ్మట, పని యనునది దొర పెట్టు భిక్ష కాక పౌరుడు కోరు హక్కు అయినది. సంవత్సరమునకు నూఱు దినముల పని యిచ్చుటయే దానిలో గొప్ప యని చాలమంది తలంచిరి. నాకు మాత్రము వేఱొక నిబంధన గొప్పదిగా తోచినది. పని కోరిన పదునైదు దినములలో నీయలేనిచో, ప్రభుత్వమే నిరుద్యోగభృతి చెల్లింపవలెనని ఆ చట్టము చెప్పెను. అనగా పని దొరకకపోవుట కోరినవాని దోషము కాదు, ఈయలేనివారి ఋణము. నిరుద్యోగి యను మాటలోని నిందను తొలగించినది ఆ నిబంధనయే. ఆచరణలో నట్టి భృతి చెల్లించిన సందర్భములు మిక్కిలి యరుదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు బదులుగా వేఱొక చట్టమును చేసి, హామీ దినములను 125 గా నిర్ణయించినది. చట్టముల పేర్లు మాఱవచ్చును, దినముల సంఖ్య మాఱవచ్చును. ఋణమను భావము మాత్రము పోగొట్టుకొనరాదు.

ప్రభుత్వము నడిగి మనము చేతులు దులుపుకొనుటయు న్యాయము కాదు. మొదటి యింటి రైతుకుమారుని తలంచుకొనుడు. వాడు వేచియుండగలుగుట వాని యదృష్టమే గాని, ఆ వేచియుండుట సుఖము కాదు. వందలకొలది కొలువులకు లక్షలకొలది దరఖాస్తులు పోవు దేశమున, వాని యౌవనము పరీక్షల నడుమ కరగిపోవుచున్నది. ఇందుకు మన సంఘము బాధ్యత వహింపవలదా? చేతితో చేయు పనిని తక్కువగా చూచుట తరతరములుగా మనము నేర్చిన దుర్గుణము. నేత, కమ్మరము, వడ్రంగము, వ్యవసాయము మొదలగువానిని చేయువారిని దూరముగా నుంచి, వ్రాతపని చేయువానిని పెద్దపీటపై కూర్చుండబెట్టినాము. చదివించిన తండ్రియే ‘చదువుకొని నాగలి పట్టెదవా?’ యని కుమారుని పరిహసించును. పనికి గౌరవము లేని చోట మంచి కూలి యుండదు; మంచి కూలి లేని చోటికి చదువుకొన్నవాడు పోడు. పోవలెనని వానికి నీతులు చెప్పుటకంటె, ఆ పనికి గౌరవమును కూలిని పెంచుట మేలు.

తుదకు మన ప్రశ్నకు వత్తము. నిరుద్యోగి యెవ్వడు? పని కోరి దొరకనివాడు నిరుద్యోగియే. కాని వాని ప్రక్కన మఱికొందఱు నిలిచియున్నారు. బ్రదుకునకు చాలని పనిని కాదనలేక చేయువాడు, ఇద్దఱి పనిని ముగ్గురిలో పంచుకొన్నవాడు, పగలంతయు శ్రమించియు పనిలేనిదానిగా వ్రాయబడిన స్త్రీ. ఇకమీద నిరుద్యోగము తగ్గినదను వార్త వచ్చినప్పుడు, సంతోషించుటకు ముందు మనము మూడు ప్రశ్నలు వేసికొందము. తగ్గినవారు ఎచ్చటికి పోయిరి? వారి కూలి వారిని బ్రదికించుచున్నదా? కాదనుటకు వారికి వీలున్నదా? మూడింటికిని మంచి సమాధానము వచ్చిననాడు పండుగ చేసికొందము. అంతవఱకు, ఉదయమున కూలివారి కూడలినుండి వట్టిచేతులతో మఱలివచ్చువాడు మన వీథిలో నెదురైనచో, వానిని ప్రయత్నహీనుడని తలంపకుందము. వాడు తన ప్రయత్నము తాను చేసియే వచ్చినాడు. చేయవలసిన ప్రయత్నము మనవైపున మిగిలియున్నది.